మూడో గడి

ఆ ఎండాకాలం ఆసుపత్రిలో అందరూ నన్ను సంతకాలమ్మ అనేవాళ్లు. పేరు పెట్టింది ఆయాలు. మొదట్లో నా వెనకాల అనుకున్నారు, తర్వాత మొహం మీదే అనేశారు. నెల తిరిగేసరికి నేనే ఫోనెత్తి "సంతకాలమ్మని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టాను.

నా పని వినడానికి చిన్నదే. ఎయిడ్స్ వార్డులో ఎవరైనా పోతే, గంటలోపు వాళ్ల వాళ్ల దగ్గరికి వెళ్లి, శవాన్ని తెరిచి చూడటానికి ఒప్పించి సంతకం తీసుకోవాలి. ఆ జబ్బు ఒంటిని గుల్ల చేస్తుందని అందరికీ తెలుసు. చివరికి ప్రాణం తీసింది ఏదన్నది మాత్రం ఎవరికీ తెలియదు. కాగితం మీద "ఎయిడ్స్" అని ఒక్క ముక్క రాసి ఊరుకునేవారు. ఏది చంపిందో తెలిస్తే పక్క మంచం మీదున్నవాళ్లనైనా కాపాడుకోవచ్చని ఆ నాలుగు నెలలూ ఈ పని పెట్టుకున్నారు. రెండో అంతస్తులో వార్డు చూసేవాడు పై డాక్టరు. నేలమాళిగలో మార్చురీ చూసేది కింది డాక్టరమ్మ. ఆ ఇద్దరి మధ్యా మెట్లెక్కి దిగడం నా ఉద్యోగం. నాకూ అదే కావాలి. ఒక్కచోట కూర్చోమంటే ఒంటి మీద జెర్రులు పాకినట్టుంటుంది నాకు.

ఫారంలో మూడు గడులుండేవి. ఛాతీ, కడుపు, తల. దేనికి ఒప్పుకుంటే దాని పక్కన టిక్కు పెట్టాలి. మొదటి వారం ఆరుగురిని అడిగితే ఆరుగురూ పొమ్మన్నారు. ఏడో ఆయన దగ్గర నాకు కిటుకు దొరికింది.

ఆయన రిటైరైన పోస్టుమాన్. ఒక్కగానొక్క కొడుకు పోయాడు. కోడలు పక్కనే ఖాళీ నీళ్ల సీసా పట్టుకుని నిలబడి ఉంది. పడేయాలన్న సంగతి కూడా మర్చిపోయింది పాపం.

"పోస్టుమార్టమా? మావాణ్ణెవరూ చంపలేదు కదమ్మా," అన్నాడాయన.

"పోలీసులు చేయించేది కాదు బాబాయ్ గారూ. లోపల ఏ జబ్బు ముదిరిందో చూసి, కుట్టేసి, మీకప్పగించేస్తారు."

"మొహం పాడుచేస్తారా?"

ఆ గొంతు విని నాకు ప్రాణం చివుక్కుమంది. గబుక్కున పెన్ను తీసి మూడో గడిని అడ్డంగా కొట్టేశాను. "తల ముట్టుకోరు. ఇదిగో, మీ కళ్ల ముందే కొట్టేశాను. మెడ పైన వేలు కూడా పెట్టరు."

ఆయన ఆ గీతను చాలాసేపు చూసి, గుండ్రటి అక్షరాలతో సంతకం చేశాడు. "నీ కడుపు చల్లగుండాలి తల్లీ," అన్నాడు.

ఆయన అడిగింది మొహం. నేనిచ్చేసింది తల. ఆ రెండూ వేరని అప్పుడు నాకు తట్టలేదు. అబద్ధమెందుకు, తట్టినా పట్టించుకునేదాన్ని కాదేమో. సంతకం పడింది, అంతే చాలు. ఆ రోజు నుంచి అదే నా ఆయుధం. వాళ్లు అడిగేదాకా కూడా ఆగకుండా నేనే ముందు "తల జోలికి వెళ్లరు" అనేసేదాన్ని. ఓ మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని, ఫారాల కట్ట మొత్తానికి స్కేలు పెట్టి మూడో గడి కొట్టేసి ఉంచుకున్నాను. రెండున్నర నెలల్లో ముప్పై ఒక్క సంతకాలు. ఇంకే ఆసుపత్రిలోనూ అందులో సగం రాలేదట. నేను నేల మీద నడిచేదాన్ని కాదు.

కింద మార్చురీలో కుట్లు వేసేవాణ్ణి దర్జీ అనేవాళ్లు. ఇదివరకు నిజంగానే దర్జీ. కొట్టు మూతపడి ఇక్కడ చేరాడు. నేను ఫారం తీసుకెళ్లగానే తల ఎత్తకుండానే అడిగేవాడు.

"ఏ చొక్కా తొడుగుతారో కనుక్కున్నారా మేడమ్? కాలరెంత ఎత్తుంటుందో చూసుకుని కుట్టాలి నేను."

"కుట్టేది మనిషిని. చొక్కాని కాదు."

"కొలత కొలతేగా మేడమ్."

కింది డాక్టరమ్మ నవ్వేది. ఎప్పుడూ వేళాకోళంగా మాట్లాడే మనిషి, చేతులు మాత్రం ఆడుతూనే ఉండేవి. ఎవరి ఛాతీ తెరిచినా టీబీయే బయటపడుతోందని ఆవిడే చెప్పింది. దగ్గు లేనివాళ్లలో కూడా. పై డాక్టరు అది విని, అనుమానం ఉన్న ప్రతివాళ్లకీ ముందే టీబీ మాత్రలు మొదలుపెట్టాడు. వార్డులో చావులు తగ్గాయి. ఆ గొప్పలో సగం నాదేనని నేను లోలోపల పంచుకున్నాను.

"నీ పుణ్యమా అని మెడ దాకా అన్నీ తెలిశాయి," అందావిడ ఒకరోజు చేతులు కడుక్కుంటూ. "మెడ పైన మాత్రం కటిక చీకటి. ఒక్కరంటే ఒక్కరు కూడా తలకి ఒప్పుకోవట్లేదా?"

"ఒప్పుకోరండీ. ఎంత చెప్పినా వినరు."

నేను ఒక్కరినీ అడిగి ఎరగను.

ఆ జబ్బు మా ఇంట్లోనూ ఉంది. తమ్ముడికీ, మరదలికీ. రెండేళ్లుగా తెలుసు. అమ్మ ముందు ఎవరం ఆ మాట ఎత్తం, అమ్మకి తెలియదనీ కాదు. వైరస్‌ని అణిచే మందులు అప్పుడప్పుడే వస్తున్నాయి, వాళ్ల వంతు ఇంకా రాలేదు. వీధి గదిలో ఫ్యాన్లు బాగుచేసే షాపు వాళ్లిద్దరిదీ. తమ్ముడు విప్పేవాడు, బిగించేవాడు. కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టేది మరదలు. వందల చుట్లు, నోట్లో లెక్కపెట్టుకుంటూ. మధ్యలో పిలిచినా పలికేది కాదు. ఆ అంకె అయ్యాకే "ఏంటి వదినా" అనేది. ఒక్క చుట్టు తేడా వచ్చిందని ఏనాడూ ఏ ఫ్యానూ తిరిగి రాలేదు.

ఆ ఏడు ఎండలకి షాపు నిండా ఫ్యాన్లే. వాటి మధ్య తమ్ముడు తల పట్టుకుని కూర్చున్నాడు.

"అక్కా, తల లోపల ఎవరో బిగించి తీగ చుడుతున్నట్టుందే."

"టీబీ మాత్రలు పడుతున్నాయిగా, వేడి చేసుంటుంది. ఊరందరికీ గాలి పంచుతావు, నువ్వు మాత్రం ఉక్కలో కూర్చుంటావు."

"మాత్రలకి ఇంత నొప్పుంటుందా?"

"ఉంటుంది. నాకు తెలీదా? రోజూ చూస్తున్నాను."

ఏం చూశాను నేను? ఛాతీలూ కడుపులూ ఏం చెప్పాయో అది విన్నాను. కింద ఏది తెరిచినా టీబీ కాబట్టి, పైన ఎవరికి తలనొప్పి వచ్చినా టీబీయే మెదడుకెక్కిందనుకున్నారు. తమ్ముణ్ణి వార్డులో చేర్చినప్పుడు పై డాక్టరు కూడా అదే అన్నాడు. వెన్నులోంచి నీరు తీసి చూద్దామా అని ఒక మాట అన్నాడు గానీ, అమ్మ భయపడింది, తమ్ముడు వద్దన్నాడు, ఆయన కూడా బలవంతం చేయలేదు. మందు ఎలాగూ తెలిసిందే కదా. తొమ్మిదో రోజు పొద్దున పదింటికి తమ్ముడు పోయాడు. వాడు చివరగా అన్న మాట గొప్పదేమీ కాదు. కిటికీ మూయమన్నాడు, వెలుతురు గుచ్చుకుంటోందని.

కింది డాక్టరమ్మ పైకి వచ్చింది. అంతకుముందెప్పుడూ ఆవిడ మెట్లెక్కి రావడం నేను చూడలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "నేను అడగమనను," అని మాత్రం అని వెళ్లిపోయింది.

కాలు కాలిన పిల్లిలా ఆ వరండా ఈ చివర నుంచి ఆ చివరకి ఎన్నిసార్లు తిరిగానో. ముప్పై ఒక్కమందిని ఒప్పించిన నోరు నాది. నా ఇంటి దగ్గరకొచ్చేసరికి మూసుకుంటే ఎలా? సంచీలోంచి ఫారం తీశాను. అమ్మా, మరదలూ బల్ల మీద కూర్చుని ఉన్నారు. అమ్మ ఏడవడం లేదు. తమ్ముడి చెప్పుల జత ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మా, వాణ్ణి కూడా చూడనిద్దాం."

అమ్మ నన్ను కాక ఫారాన్ని చూసింది. "తల ముట్టుకోరుగా? అందరికీ నువ్వు చెప్పేది అదేగా."

"ముట్టుకోరు."

"అయితే నీ ఇష్టం."

సంతకం ఇంట్లో ఎవరిదైనా చెల్లుతుంది. మరదలు పెన్ను తీసుకుంది. పెట్టలేదు. కాగితాన్ని కళ్లకు దగ్గరగా, మళ్లీ దూరంగా పట్టుకుని చూసింది.

"ఇదెందుకు కొట్టేసి ఉంది వదినా?"

"ఎవరూ ఒప్పుకోరని."

"ఆయన నొప్పి నొప్పి అన్నది తలేగా."

మరదలు గొంతు తగ్గించింది.

"నాకూ పన్నెండు రోజుల్నుంచి ఉంది. ఆయన్ని చూసుకునే హడావిడిలో చెప్పలేదు. చుట్లు లెక్క తప్పుతోంది వదినా. ఉన్నది ఒక తీగే, నాకు రెండు కనిపిస్తున్నాయి."

మొన్న ఒక టీచరమ్మ ఫ్యాను రెండోసారి తిరిగి తెచ్చిచ్చింది. తిరగడం లేదు, మూలుగుతోంది అంది. వాళ్లింటి కరెంటు బాగా లేదని నేనే సర్దిచెప్పి పంపాను. ఆ ఫ్యానెందుకు మూలిగిందో ఇప్పుడు తెలిసింది.

"ఆ తలలో ఏముందో తెలిస్తే నా తలలో ఏముందో తెలుస్తుందా?" అని అడిగింది మరదలు. సంతలో సరుకు గురించి అడిగినంత మామూలుగా అడిగింది.

"తెలియొచ్చు."

"అయితే కొట్టేయని కాగితం తీసుకురా."

అమ్మ లేచి నిలబడింది. చెప్పులు కింద పడ్డాయి. "ముప్పై ఒక్కమందికి వదిలేసిన తల, నా కొడుకుదే కావాల్సి వచ్చిందటే నీకు?"

"అత్తయ్యా, అడిగింది నేను," అంది మరదలు.

"కొట్టేసింది అది." అమ్మ నా వైపు వేలు చూపించింది. ఆ తర్వాత అమ్మ నాతో మాట్లాడటం మానేసింది.

సంచీలో కట్ట మొత్తం తిరగేశాను. కొట్టేయని ఫారం ఒక్కటి లేదు. స్కేలు పెట్టి గీశాను కదా, ఎంత నీటుగా గీశానో. మెట్లు రెండేసి చొప్పున దూకుతూ కిందికి పరిగెత్తాను. కింది డాక్టరమ్మ బల్ల మీద ఆ కట్ట పెట్టి, "కొత్త ఫారం కావాలి. మా మరదలికీ తలనొప్పి ఉందట," అన్నాను.

ఆవిడ ఒకటి తిప్పింది, రెండు తిప్పింది, అన్నీ తిప్పింది. "వాళ్లు ఒప్పుకోక కొట్టేసినవి కావా ఇవి?"

"కావండీ."

"ఒక్కరినీ అడగలేదా?"

"లేదు."

ఆవిడ మొహంలో వేళాకోళం మొత్తం పోయింది. నన్ను తిడుతుందని చూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ సొరుగు లాగి కొత్త ఫారం తీసి నా చేతిలో పెట్టింది. "తిట్టడానికి తర్వాత టైముంటుంది. వెళ్లు."

మరదలు మూడు గడుల్లోనూ టిక్కు పెట్టింది. మూడో టిక్కు గడి దాటి పక్కకి పడింది. కళ్లు చికిలించి మళ్లీ పెట్టింది.

దర్జీ ఈసారి తల ఎత్తి అడిగాడు. "ఏ చొక్కా మేడమ్?"

"నీలం రంగుది. ఫుల్ హ్యాండ్స్."

"జుట్టు ఒత్తుగా ఉంది. ఈ చెవి వెనక నుంచి ఆ చెవి వెనక్కి పోతుంది కుట్టు. మొహం మీద గీత కూడా పడదు. దువ్వేస్తే కన్నతల్లికి కూడా తెలీదు."

మొహం మీద గీత కూడా పడదు. ఆ ఒక్క ముక్క మూడు నెలల కిందట ఇతన్ని అడిగుంటే పోయేది. నేనడగలేదు. నేనెప్పుడూ చెప్పేదాన్నే గానీ అడిగేదాన్ని కాదు.

గంటన్నర మార్చురీ గుమ్మం బయట నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్లీ నిలబడ్డాను. డాక్టరమ్మ తలుపు తీసి నన్ను మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్లింది. తమ్ముడి మెదడు చుట్టూ ఉన్న నీటిలో ఒక చుక్క నల్ల సిరా కలిపింది. నల్లటి దాంట్లో గుండ్రటి గింజలు, ఒక్కోదాని చుట్టూ తెల్లటి వలయం. ఎన్నో ఉన్నాయి.

"బూజు," అంది. "ఒక రకం బూజు. మట్టి దుమ్ములోంచి, పిట్టల రెట్టలోంచి అందరి ఊపిరిలోకీ పోతుంది. బలం ఉన్న ఒంటిని ఏమీ చేయలేదు. ఇలాంటి వాళ్లలో మెదడుకెక్కి కూర్చుంటుంది. దీనికి టీబీ మాత్రలు పనిచేయవు."

"మందు లేదా?"

"ఉంది," అని తల పక్కకి తిప్పుకుంది. "వెన్నులోంచి నీరు తీసి, ఇదే సిరా ఒక చుక్క వేస్తే చాలు. బతికుండగానే తెలిసిపోతుంది. మీ మరదల్ని పడుకోబెట్టమని పైకి చెప్పు. ఇప్పుడే."

తమ్ముణ్ణి అప్పగించినప్పుడు నీలం చొక్కాలో నిద్రపోతున్నట్టే ఉన్నాడు. దర్జీ మాట నిలబెట్టుకున్నాడు. అమ్మ మాత్రం వాడి జుట్టులోకి వేళ్లు పోనిచ్చి, చెవి వెనక దాకా తడుముకుంటూ వెళ్లింది. దొరికింది కాబోలు, చెయ్యి ఆగిపోయింది. చెదిరిన జుట్టును మళ్లీ దువ్వింది.

ఆ సాయంత్రమే మరదలి వెన్నులోంచి నీరు తీశారు. సిరాలో అవే వలయాలు. తమ్ముడి దాంట్లో ఉన్నన్ని లేవు. ఒకరి నుంచి ఒకరికి వచ్చింది కాదట, ఇద్దరి ఒంట్లోనూ బలం ఒకేసారి తగ్గిందట, అంతే. నీరు తీసిన గంటకి మరదలు కళ్లు తెరిచింది.

"వదినా, తల బరువు దిగింది."

నేను వరండాలోకి వెళ్లి భోరున ఏడ్చాను. తమ్ముడు పోయాక అదే మొదటిసారి ఏడవడం. ఒక సూది. వాడికీ ఆ ఒక్క సూది సరిపోయేది.

రెండు వారాలు మందు ఎక్కించారు. అది లోపలికి పోగానే ఒళ్లంతా వణుకు పట్టుకునేది. ఊరు ఊరంతా ఫ్యాన్ల కింద ఉడికిపోతుంటే మా మరదలు నాలుగు దుప్పట్ల కింద పళ్లు కొట్టుకుంటూ పడుకుంది. అమ్మ ఆమె కాళ్లు పట్టుకుని కూర్చునేది. ఆమెతో మాట్లాడేది, నర్సులతో మాట్లాడేది, చివరికి దర్జీతో కూడా మాట్లాడింది. నేను వస్తే కిటికీలోంచి బయటికి చూసేది. మూడో వారం మరదలు లేచి కూర్చుని, దుప్పటి అంచు దారాలు వేలికి చుట్టుకుంటూ లెక్కపెట్టింది. మధ్యలో నేను పిలిస్తే పలకలేదు. లెక్క అయ్యాక "ఏంటి వదినా" అంది. బతుకుతుందని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

తిట్లకి టైము కూడా వచ్చింది. కింది డాక్టరమ్మ తిట్టలేదు. నా ముప్పై ఒక్క ఫారాలూ, పైనుంచి తెచ్చిన కేసు కాగితాలూ పక్కపక్కన పరిచింది. పోయేముందు తలనొప్పి అన్నవాళ్లు పదకొండుమంది. వాళ్లలో భార్యకో భర్తకో కూడా జబ్బున్నవాళ్లు నలుగురు.

"వీళ్లకి తలనొప్పి ఉందేమో కనుక్కోవాలి. ఉంటే తీసుకురావాలి. ఎవర్ని పంపమంటావు?"

"నేను వెళ్తాను."

మర్నాడు పొద్దున్నే ఎండలో బయల్దేరాను. మొదటి ఇంటావిడ బాగానే ఉంది, నన్ను చూసి తలుపు వేసేయబోయింది. రెండో ఇంట్లో భర్తకి వారంగా తలనొప్పి. వెంటనే ఆటో ఎక్కించి పంపాను. మూడోది పోస్టుమాన్ ఇల్లు.

ఆయన నన్ను గుర్తుపట్టాడు. కుర్చీ వేశాడు. నీళ్లు తనే తెచ్చిచ్చాడు.

"మీ కోడలు లేదా బాబాయ్ గారూ?"

"పోయింది కదమ్మా. నెల దాటింది. తలనొప్పి తలనొప్పి అని పడుకుంది. మీ ఆసుపత్రికే తీసుకొచ్చాం, టీబీ మాత్రలిచ్చి పంపారు. ఇంట్లోనే పోయింది."

గ్లాసు నా చేతిలోనే ఉంది. తాగానో లేదో గుర్తులేదు. ఆయన నా ఎదురుగా ముందుకు వంగి కూర్చున్నాడు.

"నిన్ను తలుచుకోని రోజు లేదమ్మా. అంత బాధలో ఎవరు ఆలోచిస్తారు చెప్పు? నువ్వు మావాడి తల ముట్టుకోనివ్వలేదు. ఎలా ఉన్నవాణ్ణి అలాగే సాగనంపుకున్నాం. నీ కడుపు చల్లగుండాలి తల్లీ."

చెప్పాలని నోరు తెరిచాను. చెప్తే ఆయనకి మిగిలింది కూడా పోతుంది. చెప్పకపోతే ఆ దీవెన నేను మోసుకుపోవాలి. లేచి, "వెళ్లొస్తాను బాబాయ్ గారూ," అని బయటికొచ్చేశాను. నాలుగో ఇల్లు ఊరికి ఆ చివర. నడిచే వెళ్లాను. ఆవిడకీ ఉంది నొప్పి, దగ్గరుండి ఆసుపత్రిలో పడుకోబెట్టాను.

ఇంటికొచ్చేసరికి ఎండ ఇంకా దిగలేదు. షాపులో మరదలు మెల్లగా తీగ చుడుతోంది, పెదాలు కదులుతున్నాయి. అమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. నేను ఒక్కచోట నిలవలేక గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే చాలాసేపు చూసింది.

"నువ్వు వెతికేవాళ్లు ఎందరున్నారు?" అంది. నలభై రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

"నలుగురు. ఒకావిడ బాగానే ఉంది. ఇద్దర్ని చేర్పించాను. ఒకమ్మాయి అప్పటికే పోయింది. ఆ పోస్టుమాన్ కోడలు."

"ఆయనేమన్నాడు?"

"దీవించాడు."

అమ్మ కాసేపు తన చేతి వేళ్లు చూసుకుంది. ఆ వేళ్లతోనే తమ్ముడి జుట్టు తడిమింది.

"నేను దీవించను," అంది.

"వద్దమ్మా."

"పొద్దున్నుంచి తిరుగుతున్నావు," అని లేచి లోపలికి వెళ్లింది. కంచం పెట్టిన చప్పుడు వినబడింది. "కూర్చో. అన్నం తిను."

కూర్చున్నాను.